ఖాయం కాని పదకొండు ఆధారాలు

"చావాలనుకున్న మనిషి, చదివిన వ్యాసాల్ని కూర్చుని వరసలో సర్దుతుందా, ఇన్‌స్పెక్టర్‌గారూ?"

షావుకారు ఆ మాట అడిగేసరికి మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలయింది. యూనివర్సిటీ లైబ్రరీ మూడో అంతస్తులో పరిశోధక విద్యార్థులకిచ్చే గదుల్లో అది ఏడో నంబరు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఇనప అలమర, బల్లమీద లాప్‌టాప్. ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగపట్టుకోవాల్సిన గది. అలాంటి చోట ఇప్పుడు నలుగురున్నారు. పన్నెండు రోజుల కిందట ఇక్కడ పనిచేసుకుంటున్న ఇరవయ్యారేళ్ల అమ్మాయి, ఈ గుమ్మం దాటి పది అడుగుల దూరంలో నడవలో శవమై దొరికింది.

ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. మూసేసిన కేసు గదిలోకి మళ్లీ అడుగుపెట్టడం అతనికి నామోషీ.

"షావుకారుగారూ, నాలుగు తానులు విప్పి చూపించమనడానికి ఇది గుడ్డల కొట్టు కాదు. అమ్మాయి బ్యాగులో గుండె జబ్బు మాత్రల ఖాళీ అట్టలు మూడు. ఒంట్లో అదే మందు. కంప్యూటర్లో ఆ మందు ఎక్కువైతే ఏమవుతుందో చెప్పే పదకొండు వ్యాసాలు. ఇంకేం కావాలి మీకు? రాసి సంతకం పెట్టాలా?"

"పెట్టలేదుగా. అదే అడుగుతున్నా. పాత వంతెనల చరిత్ర మీద పదమూడు వందల రిఫరెన్సులు పోగేసి వరసలో పెట్టుకున్న పిల్ల, పోయేముందు నాలుగు ముక్కల ఉత్తరం రాయలేకపోయిందా?"

"ఆ పదకొండే ఉత్తరం." ఇన్‌స్పెక్టర్ ఫైలు తెరిచి ఒక కాగితం ఆడించాడు. "చావు మీద కూడా పరిశోధన చేసింది మహాతల్లి. రచయిత, సంవత్సరం, పత్రిక, అన్నీ అక్షరక్రమంలో. ఆ ఫోల్డర్‌కి పెట్టుకున్న పేరేంటో తెలుసా? ‘ఇంకా ఖాయం కాలేదు.’ అంటే చావాలా వద్దా అని ఊగిసలాడింది. తర్వాత ఖాయం చేసుకుంది."

కుర్చీలో కూర్చున్న స్త్రీ ఆ మాటకు కళ్లు మూసుకుంది. ఆమె చనిపోయిన అమ్మాయికి అక్క. స్కూల్లో లెక్కల టీచరు. ముప్పై ఎనిమిదేళ్లే అయినా యాభై దాటినదానిలా ఉంది. చేతిగాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఆరేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకున్న చెల్లెల్ని తనే పెంచింది. ఎక్కడెక్కడి పుల్లలూ ఏరుకొచ్చి దాచుకుంటుందని ‘పిచ్చుక’ అని పిలుచుకునేది.

షావుకారు ఇప్పుడు షావుకారు కాడు. ఇరవై రెండేళ్లు గుడ్డల దుకాణం నడిపి, మూసేసి, డిటెక్టివ్ పనిలో దిగి ఆరేళ్లయింది. పేరు మాత్రం వదల్లేదు. మొన్న ఈ అక్కగారు అతని ఆఫీసు గది మెట్లు ఆగి ఆగి ఎక్కి వచ్చి, అడిగింది ఒక్కటే.

"హంతకుణ్ణి పట్టుకోమని కాదండీ. ఆ సాయంత్రం నాలుగూ యాభై రెండుకి అది నాకు ఫోన్ చేసింది. పొద్దున్న పోట్లాడుకున్నాం. కోపంతో ఎత్తలేదు. అది చివరి మాట చెప్పిపోదామని చేసిందా? అది ఒక్కటీ కనుక్కోండి. నేను బతకాలో వద్దో తేల్చుకోవాలి."

దుకాణం రోజుల్లో షావుకారు ఎన్నో రకాల గిరాకీలను చూశాడు. ఇలా తన ప్రాణం తక్కెడలో పెట్టుకొచ్చిన మనిషిని చూడలేదు.

అతను లైబ్రేరియన్ వైపు తిరిగాడు. నెరిసిన జుట్టు, ముక్కు చివరికి జారిపోయే కళ్లజోడు. ఆ రోజు ఐదున్నరకు, మెట్లవైపు తలతో పడి ఉన్న శవాన్ని మొదట చూసింది ఆవిడే.

"అమ్మా, ఈ సాఫ్ట్‌వేర్ ఆ అమ్మాయికి మీరే నేర్పారట. నాలాంటి మొద్దుకి అర్థమయ్యేలా చెప్పండి."

"మొద్దులకే నేర్పుతానండీ రోజూ. అందులో పెద్ద చదువుల మొద్దులు." ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది. "ఇంటర్నెట్‌లో ఏ వ్యాసమైనా చదువుతుంటే పైన ఒక గుర్తు ఉంటుంది. అది నొక్కితే చాలు. రచయిత పేరు, శీర్షిక, తేదీ, ఆ పేజీ నకలుతో సహా వచ్చి ఇందులో కూర్చుంటాయి. తర్వాత ఫోల్డర్లలో సర్దుకోవచ్చు. ఒక్కోదాని కింద నోట్స్ రాసుకోవచ్చు. థీసిస్ చివర పెట్టే జాబితా కావాలంటే ఒక్క నొక్కు, అచ్చయి వస్తుంది."

"ఇన్‌స్పెక్టర్‌గారి చేతిలో ఉన్నది అదేనా?"

"అదే. ఆయన అడిగితే నేనే తీసిచ్చాను."

"ఆ జాబితాలో నోట్స్ వస్తాయా?"

"రావు. అవి ఆ పిల్ల సొంతానికి రాసుకున్నవి కదా."

"ఏది ఏ రోజు, ఏ గంటకు చేర్చిందో?"

"అదీ రాదు. లోపలికెళ్లి చూడాలి."

షావుకారు జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "బాగుంది. తాను మీద అంటించిన చీటీ చదివి గుడ్డ కొనేశారన్నమాట."

"నోరు జాగ్రత్త," అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానీ గుమ్మం వదిలి ఒక అడుగు లోపలికి వేశాడు.

లైబ్రేరియన్ లాప్‌టాప్ తెరిచింది. ఎడమవైపు ఫోల్డర్లు వరసగా ఉన్నాయి. రాతి వంతెనలు. వేలాడే వంతెనలు. కూలినవి. అన్నిటికంటే కింద, ‘ఇంకా ఖాయం కాలేదు’. పక్కన పదకొండు అన్న అంకె. ఆవిడ వాటిని చేర్చిన తేదీల వరసలో పెట్టింది. మొదటిది అమ్మాయి పోవడానికి తొమ్మిది రోజుల ముందు, పొద్దున పదకొండూ పదికి చేరింది. దానిలో పేజీ నంబర్లు సాఫ్ట్‌వేర్ తప్పుగా పట్టుకుంటే, అమ్మాయి మర్నాడు దిద్దింది. రెండోదానిలో రచయిత ఇంటిపేరూ సొంత పేరూ తారుమారైతే సరిచేసింది.

"చూశారా? ఇది ఎవరికో చూపించడానికి కడుతున్న మూట. పోయేవాళ్లు మూట ఇంత నీటుగా కట్టరు," అన్నాడు షావుకారు. "నోట్స్ తెరవండమ్మా."

మొదటిదాని కింద ఒకటే వరస. ‘పసుపు. 4, 9, 10 తేదీలు.’ రెండోదాని కింద, ‘ఆకలి లేదు. 6న వాంతి.’ మూడోదానికి, ‘52.’ నాలుగోదానికి, ‘48. రెండుసార్లు చూశాను.’

"ఇంకేం," అన్నాడు ఇన్‌స్పెక్టర్, "మాత్రలు ముందు కొద్దికొద్దిగా మింగి చూసుకుంది. వాటి గుణాలు రాసిపెట్టుకుంది. నా మాటే నిలబడింది."

 షావుకారు కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని అక్కగారి ముఖంలోకి చూశాడు.

"అమ్మా, మీ ఒంట్లో ఎలా ఉంటోంది?"

"నా సంగతెందుకండీ ఇప్పుడు?"

"చెప్పండి."

"మూడు నెలలుగా బాగోలేదు. తిన్నది ఇమడదు. డాక్టరు నీరసమన్నారు."

"కళ్లు?"

ఆమె తడబడింది. "దీపం చుట్టూ పచ్చగా కనబడుతుంది అప్పుడప్పుడు. ఒక్కోరోజు పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతుంటే కాయితమంతా పసుపు పూసినట్టుంటుంది. పిచ్చుకతో అంటే, ‘ఏ రోజక్కా, తారీఖు చెప్పు’ అని సతాయించేది. నా చెయ్యి పట్టుకుని గడియారం చూసేది. ‘ఏంటే డాక్టరమ్మా, ఎన్నాళ్లుంటానంటావు’ అంటే నవ్వేది కాదు. కిందటి నెలదాకా ప్రతిదానికీ నవ్వే పిల్ల."

 ఇన్‌స్పెక్టర్ చేతిలో జాబితా మెల్లగా కిందికి దిగింది.

"నలభై ఎనిమిది మీ నాడి," అన్నాడు షావుకారు. "ఈ పదకొండూ తన కోసం వెతికినవి కావు. మీ కోసం వెతికింది. వంతెనల గురించి చదువుకునే పిల్లకి మందుల సంగతి ఏం తెలుసు? అందుకే తనకు తెలిసిన పనే చేసింది. ఒక్కో లక్షణానికీ ఒక్కో ఆధారం పెట్టుకుంటూ వచ్చింది. ఆ రోజు పొద్దున దేనికమ్మా పోట్లాట?"

ఆమె చీర చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మా ఆయన బలానికని పాలల్లో పొడి కలిపి ఇస్తారు, రెండు పూటలా. అది తాగొద్దంది. ఇంట్లో చెప్పకుండా పారబొయ్యమంది. ఎందుకే అంటే చెప్పదు. ‘ఇంకొక్కటి దొరకనీ అక్కా, ఖాయం చేసుకుని చెప్తా, తప్పయితే నీ కాపురం నేనే కూల్చినట్టవుతుంది’ అంది. నాకు ఒళ్లు మండింది. మందుల షాపు నడిపే మనిషికి తెలీదా నీకు తెలుసా అన్నాను. నా సంసారంలో వేలు పెట్టకు అన్నాను. పెంచిన నోటితోనే అన్నాను."

"ఆగండాగండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎవర్నంటున్నారు మీరు? ఆ మనిషి శవం దగ్గర పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను."

"మీరు ఏడుపు చూశారు. నేను పైకొచ్చే ముందు కింద గేటు పుస్తకం చూశాను. ఆ రోజు పన్నెండూ ఇరవైకి ఆయన లోపలికొచ్చాడు, పన్నెండూ ముప్పై అయిదుకి బయటికెళ్లాడు. చేతిలో మరదలికి పళ్లరసం ఫ్లాస్కు. ఖాళీ అట్టలు బ్యాగులో వెయ్యడానికి ఆ పదిహేను నిమిషాలు చాలు. ఆ ఫ్లాస్కు ఏమయింది?"

"ఇంటివాళ్లకి ఇచ్చేశాం."

"ఇంటివాళ్లలో ఎవరికి?"

ఇన్‌స్పెక్టర్ ఫైలు మూశాడు. "ఆయనకే."

"కడిగే ఉంటాడు. శుభ్రమైన మనిషి."

అది ఎగతాళి చేసే సమయం కాదని షావుకారుకు మాట నోరు దాటాక తెలిసింది.   అక్కగారు చాలా చిన్నగా అడిగింది.

"షాపు స్థలం మా అక్కచెల్లెళ్లిద్దరి పేర్న ఉంది. నాన్న ఇచ్చింది. అమ్మేద్దామంటారు. నేను వద్దంటాను, అంతే కదండీ. దానికేనా?"

 

షావుకారు లేచి లైబ్రేరియన్ పక్కకు వెళ్లాడు. పదకొండోది మిగిలింది. చేర్చిన సమయం అమ్మాయి పోయిన రోజే, సాయంత్రం నాలుగూ నలభై ఎనిమిది. శీర్షిక, ఆ మందు ఒంట్లో ఎక్కువైతే మొదట కనబడే గుర్తుల గురించి. కింద నోట్‌లో ఒకే ఒక్క మాట ఉంది. రాసిన సమయం నాలుగూ యాభై.

అతను అది మనసులోనే చదువుకున్నాడు. ఎంత వస్తే ఎంత పోతుందో తూచిగానీ దేన్నీ ఎదుటివాళ్ల చేతిలో పెట్టడం అతనికి అలవాటు లేదు. ఈ మాట చెబితే ఆమెకు చెల్లెలు తిరిగి దక్కుతుంది, నన్ను వదిలి పోలేదన్న ధైర్యం దక్కుతుంది. పదిహేనేళ్లు కాపురం చేసిన భర్త పోతాడు. వాటితో పాటు, ఆ ఫోన్ ఎత్తి ఉంటే అన్న ముల్లు ఎప్పటికీ గుచ్చుకుని ఉంటుంది. తూకం ఏ వైపుకీ మొగ్గలేదు.

"ఏముందండీ అందులో?" అందామె. "దాచకండి. దాచినవి చాలు."

అతను చదివాడు. "‘నాకూ.’"

ఆమెకు అర్థం కాలేదు.

"పళ్లరసం తాగాక తనకీ పసుపు కనబడటం మొదలయింది. నాలుగూ నలభై ఎనిమిదికి ఆ వ్యాసం దాచింది. నాలుగూ యాభైకి ఈ మాట రాసింది. నాలుగూ యాభై రెండుకి మీకు ఫోన్ చేసింది. మీరు ఎత్తకపోతే లేచి మెట్లవైపు నడిచింది. తల మెట్లవైపు ఉందని మీరే అన్నారు కదమ్మా?" లైబ్రేరియన్ తలూపింది. "చివరి మాట చెప్పడానికి కాదమ్మా ఆ ఫోన్. సాయంత్రం పాలు మిమ్మల్ని తాగొద్దని చెప్పడానికి. ప్రాణం పోతున్నా మీ పూట గుర్తుంది దానికి."

ఆమె గొంతులోంచి వచ్చినది ఏడుపు కాదు. బరువైన అలమరను రాతి నేల మీద ఈడిస్తే వచ్చే చప్పుడు లాంటిది. లైబ్రేరియన్ కుర్చీ వెనకనుంచి ఆమె భుజాలు గట్టిగా పట్టుకుంది. నడవలో ఎవరో నవ్వుకుంటూ వెళ్లారు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అయినా పోలీసు బుద్ధి ఊరుకోదు. "ఒక్కటి పొసగడం లేదు. ఆ అమ్మాయి పెదవి విప్పలేదు. సొంత అక్కకే చెప్పలేదు. తనను పట్టేసిందని ఆయనకెలా తెలుస్తుంది?"

 దానికి జవాబు లైబ్రేరియన్ దగ్గర ఉంది.

"ఈ సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్లోనే ఉండదండీ," అందావిడ నెమ్మదిగా. "మన అకౌంటు ఎన్ని కంప్యూటర్లలో తెరిచి ఉంటే అన్నిట్లోకీ వెళ్లిపోతుంది. ఇక్కడ నొక్కింది నిమిషంలో అక్కడ కనబడుతుంది, నోట్స్‌తో సహా. పాత కంప్యూటర్ వదిలేసేటప్పుడు అకౌంటు మూసెయ్యమని ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను. ఒక్కళ్లూ వినరు."

"అమ్మా, పిచ్చుక మొదట్లో ఎక్కడ పనిచేసుకునేది?" షావుకారు అడిగాడు.

అక్కగారు తలెత్తింది. "లాప్‌టాప్ వచ్చింది రెండో ఏడాది. దానికి ముందంతా మా ఇంటి కిందున్న షాపులోనే. ఆయన కౌంటరు మీది కంప్యూటర్లో."

ఆ పిల్ల తొమ్మిది రోజులు ఒక్కో ఆధారం ఏరి ఈ గదిలో దాచింది. ఒక్కోటీ అదే నిమిషంలో ఆ కౌంటరు మీద వాలింది. పదో ఆధారం వాలేసరికి ఆయన పళ్లరసం తీయడానికి లేచి ఉంటాడు.

"మరి చంపిన వెంటనే వీటిని తీసెయ్యడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, తనతో తనే వాదించుకుంటున్నట్టు.

"ఎందుకు తీస్తాడు? మీరు ఆ జాబితా చూసి ఆత్మహత్య అని రాసుకున్నారు. ఆయనకి అంతకంటే మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? లోపల నోట్స్ ఎవరూ చదవనంతకాలం ఇవి ఆయనవైపే..."

"అయ్యో!" లైబ్రేరియన్ రెండు చేతులూ పైకెత్తేసింది. "నేనేం ముట్టుకోలేదు!"

తెర మీద పదకొండు, పది అయింది. వాళ్లు చూస్తుండగానే తొమ్మిది.

"అవతల ఎవరో తీసేస్తున్నారు," అందావిడ. "ఇప్పుడే."

ఎనిమిది.

"నెట్ పీకండి!"

షావుకారు మాట పూర్తికాకముందే ఇన్‌స్పెక్టర్ బల్ల కిందికి దూరి వైరు లాగేశాడు. తల బల్లకు తగిలి ఠంగుమంది. అంకె ఏడు దగ్గర ఆగిపోయింది. లైబ్రేరియన్ మరో ఫోల్డర్ తెరిచింది. "తీసేసిన నాలుగూ చెత్తబుట్టలో ఉన్నాయి. ఇక్కడ ఇంకా ఖాళీ కాలేదు. వైరు లేదు కాబట్టి ఇక ఎక్కడికీ పోవు."

"ఇవాళ మనం ఇది చూడబోతున్నామని ఎవరికి తెలుసు?" ఇన్‌స్పెక్టర్ తల రుద్దుకుంటూ అడిగాడు. గొంతులో వెటకారం లేదు.

"నేనే చెప్పాను," అంది అక్కగారు. "పొద్దున్న, పాలు తాగుతూ. ఆయన దగ్గర ఏదీ దాచడం నాకు అలవాటు లేదు."

అప్పుడే ఆమె ఒళ్లోని ఫోన్ మోగింది. తెర మీద భర్త పేరు చూసి, ముగ్గురికీ కనబడేలా తిప్పింది. ఇన్‌స్పెక్టర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు, వెంటనే ఎత్తమన్నట్టు మళ్లీ ఊపాడు. ఆమె అతని వైపు చూడటం లేదు. కళ్లు తుడుచుకుని స్పీకర్ నొక్కింది.

"ఎక్కడున్నావు?" మెత్తటి గొంతు. పేషెంట్లకి మాత్ర ఏ పూట వేసుకోవాలో ఓపికగా చెప్పే గొంతు.

"లైబ్రరీలోనేనండీ."

"ఏమంటాడు ఆ గుడ్డలాయన?"

"ఏముంది, ఏమీ తేలలేదట. కంప్యూటర్లో సగం కనబడటమే లేదట. అనవసరంగా వచ్చాను." ఆమె గొంతు ఎక్కడా జీర పోలేదు. రోజూ సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ మాట్లాడే ఆడమనిషి గొంతు. "తల తిరుగుతోందండీ. వచ్చేస్తున్నా. పాలు కలిపి ఉంచండి, రాగానే తాగి పడుకుంటాను."



"ఎప్పుడో కలిపేశాను. చల్లారిపోతున్నాయి, త్వరగా రా."

ఫోన్ ఆగిపోయింది. షావుకారు ఆమె మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి అందడానికే సేపు పట్టింది.

"మీరు వెళ్లక్కర్లేదమ్మా. ముందు ఆసుపత్రికి పదండి. ఇన్‌స్పెక్టర్‌గారు జీపులో మనుషుల్ని పంపుతారు."

"జీపు చూస్తే గ్లాసు పారబోస్తాడు. దానికేం, ఒక్క నిమిషం పని." ఆమె బల్ల అంచు పట్టుకుని లేచింది.  "గ్లాసు ఆయన చేతిలోంచి నా చేతికి వచ్చాక మీరు లోపలికి రండి. అంతకుముందు గుమ్మం దగ్గర కనబడకండి."

ఇన్‌స్పెక్టర్ షావుకారు వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి, ఏం చెయ్యమంటారు అన్నట్టుగా.

ఆమె అప్పటికే నడవలోకి వెళ్లిపోయింది. చెల్లెలు పడిపోయిన చోట ఆగలేదు. పక్కగా, గోడ పట్టుకుని మెట్లవైపు నడుస్తూ వెనక్కి చూడకుండా అంది:

"పదండి. చల్లారిపోతాయట."